నాన్నగారి సంవత్సరీకానికి వెళ్లాలా, వద్దా? అమెరికా గ్రీన్‌కార్డు దరఖాస్తు (ఐ-485) పెండింగ్‌లో ఉంది

ఆస్టిన్_పెద్దకొడుకు

వచ్చే మార్చిలో తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నగారి సంవత్సరీకం. ఆయన పోయినప్పుడు నా అడ్వాన్స్ పెరోల్ (దరఖాస్తు తేలకముందే దేశం దాటి తిరిగొచ్చేందుకు ఇచ్చే పత్రం) గడువు తీరిపోయి ఉంది, వీసా స్టాంపింగ్‌కు, అంటే ఇండియాలోని అమెరికా కాన్సులేటులో కొత్త వీసా వేయించుకోవడానికి, వెళ్లే ధైర్యం చాలలేదు. తమ్ముడు తలకొరివి పెట్టాడు. నేను ఇక్కడ వంటగదిలో నిలబడి ఫోనులో చూశాను. అక్కడ ఫోను పట్టుకున్న పిల్లవాడి చెయ్యి వణికి, చితి సగమే కనిపించింది. ఈసారైనా నా చేత్తో పిండం పెట్టాలని ఉంది.

మా వివరాలు ఇవి. ఈబీ-3 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు వర్గం), ప్రయారిటీ తేదీ, అంటే వరుసలో మా చోటు, 2014 ఆగస్టు. 2020 అక్టోబరులో తేదీలు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు ఐ-485 వేశాం. నేను అదే కంపెనీలో హెచ్-1బి ఉద్యోగ స్టేటస్ మీద ఉన్నాను, పాస్‌పోర్టులో వీసా ముద్ర మాత్రం 2022లోనే అయిపోయింది. నా భార్య ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేస్తోంది. మా ఇద్దరికీ పెరోల్ పత్రాలు చేతిలో ఉన్నాయి. అబ్బాయికి 22 ఏళ్లు. వాడి పెరోల్ నవంబరులో ముగిసింది, మళ్లీ పెరోల్ కోసం వేసిన ఐ-131 దరఖాస్తు ఇంకా తేలలేదు. అమ్మాయి ఇక్కడే పుట్టింది, దానికి ఏ ఇబ్బందీ లేదు.

అమ్మ నలుగురినీ రమ్మంటోంది. అందరం వెళ్లవచ్చా? నేనొక్కణ్ణే వెళ్లనా? అసలు ఎవరూ కదలకూడదా?

ఎడిసన్_అక్కయ్య

తమ్ముడూ, మిగతా సంగతులు తరవాత. ముందు అబ్బాయిని మాత్రం విమానం ఎక్కించవద్దు.

పెరోల్ మంజూరు కాకుండా దేశం దాటితే ఐ-485ను వదులుకున్నట్టే లెక్క. చెల్లుబాటయ్యే హెచ్ లేదా ఎల్ వీసాతో అదే స్టేటస్‌లో తిరిగొచ్చేవాళ్లకు మినహాయింపు ఉంది. కానీ మీవాడికి 21 నిండగానే హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబ స్టేటస్) పోయింది. ఇప్పుడు వాడికి ఆధారం ఆ దరఖాస్తు ఒక్కటే. 22 ఏళ్లు వచ్చినా చట్టం వాణ్ణి ఇంకా పిల్లవాడిగా చూస్తున్నదంటే, సీఎస్‌పీఏ (దరఖాస్తు ఆలస్యమైనా పిల్లల వయసు దాటిపోకుండా కాపాడే చట్టం) లెక్క ప్రకారం 2020లో వేసిన ఆ కాగితం వల్లనే. అది చేజారితే మళ్లీ మీ వెనుక డిపెండెంటుగా వేయగలరని ఏ లాయరూ మాట ఇవ్వడు. పైగా ఐ-131 తేలకముందే వెళ్లిపోతే అదీ పోతుంది.

మా అమ్మాయిని ఇలాగే అన్నయ్య కూతురి పెళ్లికి పంపలేదు. రెండు రోజులు గది తలుపు తీయలేదు. అయినా పంపనందుకు నాకు పశ్చాత్తాపం లేదు.

ఫ్రిస్కో_రైతుబిడ్డ

అక్కయ్య చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను. ఈ సమయంలో ఎవరూ కదలవద్దు.

పెరోల్ అంటే వీసా కాదు, ప్రవేశానికి హామీ అంతకన్నా కాదు. విమానాశ్రయంలో అధికారి విచక్షణ మీద లోపలికి రానిస్తారు. మీరు అక్కడ ఉండగా ఏ కారణంచేతనైనా ఐ-485 తిరస్కరిస్తే చేతిలోని పెరోల్ చిత్తుకాగితం. ఇంటిల్లిపాది దరఖాస్తులూ మీ దరఖాస్తుకే వేలాడుతున్నాయి. తల్లివేరు తెగితే కొమ్మలు నిలవవు. పదకొండేళ్లు ఆగినవారు ఇంకొంతకాలం ఆగలేరా? సంవత్సరీకం కృష్ణ ఒడ్డున మీ తమ్ముడు పెట్టినా నాన్నగారికి చేరుతుంది.

నాలుగుసార్లు_వెళ్లొచ్చాను

రైతుబిడ్డ గారూ, "ఇంకొంతకాలం" అన్న మాట నేను 2012 నుంచి వింటున్నాను. ఆ మాట నమ్మి మా అమ్మ చివరి రోజుల్లో వెళ్లలేదు. ఆ తరవాత మాత్రం నాలుగుసార్లు పెరోల్ మీదే వెళ్లి వచ్చాను.

జరిగేది ఇది. వరుసలోని అధికారి పత్రం చూసి మనల్ని పక్కగదికి పంపుతాడు. అక్కడ కుర్చీలు, గోడ మీద ఫోను వాడవద్దని బోర్డు, ఒళ్లో నిద్రపోతున్న పసిపిల్లలు. ఒకసారి నలభై నిమిషాలు పట్టింది, ఒకసారి మూడు గంటలు. పేరు పిలుస్తారు, ఎక్కడ పనిచేస్తున్నారని అడుగుతారు, పెరోల్ మీద రానిచ్చినట్టు డీఏ అని రాసిన ముద్ర వేసి పంపుతారు. కనెక్టింగ్ విమానానికి కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచుకోండి.

కేసులో మచ్చ ఉన్నవాళ్లు, పాత అరెస్టు గానీ, స్టేటస్ తప్పిన కాలం గానీ, మధ్యలో జీతం లేని నెలలు గానీ ఉన్నవాళ్లు కదలకూడదు. వాళ్లకు రైతుబిడ్డ గారి సలహాయే సరి. శుభ్రంగా ఉన్న కేసుకు అదే భయం అంటగట్టడం న్యాయం కాదు.

హెచ్1_వదలను

పెరోల్ మీద ప్రవేశిస్తే పెరోలీ అయిపోతారు, హెచ్-1బి స్టేటస్ ఉండదు కదా? హెచ్-1బి చేతిలో ఉన్నవారు హైదరాబాద్‌లో స్టాంపింగ్ చేయించుకుని రావడమే గౌరవం, క్షేమం. రేపు ఐ-485 పోయినా కాళ్ల కింద నేల ఉంటుంది.

నాలుగుసార్లు_వెళ్లొచ్చాను

రెండేళ్ల క్రితమైతే మీతో ఏకీభవించేవాణ్ణి. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ మినహాయింపు దాదాపు పోయింది. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సామాజిక మాధ్యమాల ఖాతాలు కూడా పరిశీలిస్తున్నారు. దాంతో మన దేశంలో ఎన్నో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి. పెళ్లికి మూడు వారాల సెలవు పెట్టి వెళ్లినవాళ్లు అక్కడే ఆగిపోయారు. సంవత్సరీకానికి వెళ్లి ఆరునెలలు ఆగిపోతే ఉద్యోగం ఎవరు నిలబెడతారు?

పెరోల్ మీద వచ్చినా అదే యజమాని దగ్గర హెచ్-1బి కింద పని కొనసాగించవచ్చు. తరవాతి పొడిగింపు మంజూరైతే స్టేటస్ తిరిగి వస్తుంది. ఆ పొడిగింపు వచ్చేలోపు ఐ-485 పోతే ఇబ్బందే, ఒప్పుకుంటాను.

ఇంకో రెండు మాటలు. 2025 అక్టోబరులో వచ్చిన వెయ్యి డాలర్ల పెరోల్ రుసుము నుంచి, ఐ-485 పెండింగ్‌లో ఉండి తిరిగొచ్చేవాళ్లకు మినహాయింపు ఉంది. టికెట్టు దోహా, దుబాయ్ మీదుగా తీసుకోండి. లండన్ మీదుగా అయితే అక్కడి ట్రాన్సిట్ వీసా అడుగుతారు.

ఫ్రిస్కో_రైతుబిడ్డ

మచ్చ లేదని మనం అనుకుంటే చాలదు, వాళ్లూ అనుకోవాలి. నా అభిప్రాయం మారలేదు. సరే, వెళ్లి తీరాలంటే ఆయన, అమ్మాయి వెళ్లనివ్వండి. భార్య అబ్బాయి దగ్గర ఆగాలి. ఇంటికి ఏదైనా నోటీసు వస్తే జవాబివ్వడానికి మహా అయితే 84 రోజులు ఇస్తారు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. పోస్టుపెట్టె తెరిచేవాళ్లు ఒకరుండాలి.

ఒంగోలు_ఆడపడుచు

ఇంతమంది ఇన్ని మాటలు రాశారు. ఆవిడ ఏమంటున్నారో ఒక్కరూ అడగలేదు.

"భార్య ఆగాలి" అని రాయడానికి ఒక నిమిషం పట్టింది. మా ఇంట్లో కూడా ప్రతిసారీ ఆగింది నేనే. మొదటిసారి పాప చదువు, రెండోసారి నా ఈఏడీ రెన్యువల్, మూడోసారి పోస్టుపెట్టె. ఏడేళ్లు మా అమ్మను చూడలేదు. ఆఖరికి వెళ్లినప్పుడు ఆవిడ నా ముఖం తడిమి చూసింది. కళ్లు కనిపించడం లేదని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

పెద్దకొడుకు గారూ, ఆవిడకూ పెరోల్ ఉంది. ఆవిడకూ తల్లిదండ్రులు ఉండే ఉంటారు. 22 ఏళ్ల అబ్బాయి ఉత్తరాలు తెరిచి ఫొటో తీసి లాయరుకు పంపగలడు. దానికి తల్లి ఆగనక్కరలేదు.

ఆస్టిన్_పెద్దకొడుకు

ఆడపడుచు గారు రాసింది నా భార్యకు చూపించాను. చదివి ఫోను తిరిగి ఇచ్చి, "మా నాన్న మోకాళ్ల ఆపరేషన్ జరిగి రెండేళ్లయింది" అంది. అంతే. అది నాకు తెలుసు. తెలిసీ ఈ ప్రశ్నలో రాయలేదు.

లాయరుతో మాట్లాడాం. మేమిద్దరం, అమ్మాయి దోహా మీదుగా వెళుతున్నాం. పదహారు రోజులు, అందులో ఐదు రోజులు నా భార్య వాళ్ల ఊళ్లో. స్టాంపింగ్ జోలికి పోవడం లేదు. రైతుబిడ్డ గారూ, మీ భయం కొట్టిపారేయలేదు. జీతం కాగితాలు, కంపెనీ ఉత్తరం, ఐ-485 రసీదులు రెండేసి ప్రతులు తీయించాను.

అబ్బాయి ఇక్కడే ఉంటాడు. వాడే మా అమ్మకు ఫోను చేసి చెప్పాడు. అమ్మ ఏడ్చింది, వాడూ ఏడ్చాడు. ఆ రోజు మనకు ఇక్కడ అర్ధరాత్రి అవుతుంది, మేలుకొని చూస్తానన్నాడు. ఈసారి ఫోనును ఎవరి చేతికీ ఇవ్వకుండా స్టాండుకు బిగించమని తమ్ముడికి చెప్పాను.