“పెదనాన్నా 😭😭💀”: ఈ బొమ్మలను ఎలా అర్థం చేసుకోవాలి?

మేడ మీద మొక్కలు (ప్రశ్న):

మా కుటుంబపు వాట్సాప్ గ్రూపులో అరవై దాటినవారూ ఉన్నారు, డిగ్రీ ఇంకా పూర్తి కానివారూ ఉన్నారు. మొన్న మా మేడ మీద కుండీలో కాసిన ఒకే ఒక్క వంకాయను అరచేతిలో పెట్టుకుని ఫొటో తీసి, “ఈ ఏటి దిగుబడి” అని రాసి పంపాను. హైదరాబాదులో చదువుకుంటున్న మా తమ్ముడి కూతురు దానికి “పెదనాన్నా 😭😭💀” అని జవాబిచ్చింది. శుభమా అని తొలికాయ కాస్తే ఈ ఏడుపేమిటి, పుర్రె ఏమిటి అని మా అక్కయ్య నొచ్చుకుని ఫోన్ చేశారు. నేను జవాబుగా 🍆🙏 పంపుదామనుకుని, ఎందుకైనా మంచిదని ఆగాను.

ఒక్కొక్క బొమ్మ అర్థం నాకు తెలుస్తూనే ఉంది కానీ, రెండు మూడు కలిపి వాడినప్పుడు మాత్రం తికమకగా ఉంటోంది. 🥺👉👈, 👁👄👁, 🙂🙏 వంటివి రోజూ కనిపిస్తున్నాయి. వీటికి ఒక నియమం ఏదైనా ఉందా, లేక ఎవరికి తోచినట్టు వారు వాడుతున్నారా? తెలిసినవారు వివరించగలరు.

రెండో బెంచీ:

అయ్యా, మీ అమ్మాయి మిమ్మల్ని మెచ్చుకుంది, కాస్త ఆటపట్టించింది కూడా. “నవ్వలేక చచ్చాను” అని మనం నోటితో అనే మాటే ఆ పుర్రె. దాని పక్కన ఉన్న ఏడుపు మొహం, నవ్వీ నవ్వీ కళ్ళ వెంట వచ్చిన నీళ్ళు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులవారు 😂 గుర్తునే ఆ ఏటి పదంగా ఎంచుకున్నారు. అది అందరి చేతికీ, ముఖ్యంగా పెద్దవారి చేతికీ వచ్చాక, నా వయసువారికి చప్పగా అనిపించి, అదే నవ్వుకు 😭నూ 💀నూ వాడటం మొదలైంది. వాక్యం చివర రెండు ఏడుపులు, ఒక పుర్రె ఉండి, ముందు “పెదనాన్నా” అని దీర్ఘం తీసి పిలుపు ఉందంటే, అందులో దుఃఖం ఏమీ లేదని ధైర్యంగా నమ్మవచ్చు. అదే 💀 ఒంటరిగా, పిలుపు కూడా లేకుండా వస్తే, “ఇదేం ఖర్మ” అనే ఎకసెక్కం కావచ్చు.

🥺👉👈 అంటే రెండు చూపుడువేళ్ళ కొసలను తాకిస్తూ సిగ్గుపడుతూ అడగటం. 2020 ప్రాంతంలో టిక్‌టాక్ ద్వారా బాగా వ్యాపించింది. ఇప్పుడు దీన్ని నిజమైన సిగ్గుకంటే, “నాన్నా, ఐదు వందలు పంపవా” వంటి దొంగ సిగ్గుకే ఎక్కువగా వాడుతున్నారు. 👁👄👁 అంటే నోట మాట రాక గుడ్లప్పగించి చూస్తున్న ముఖం. 🙂🙏 వస్తే మాత్రం జాగ్రత్త పడాలి. పెద్దవారు పంపితే అది చిరునవ్వుతో నమస్కారం. మా వయసువారు పంపితే “నీకో దండం, ఇక వదిలెయ్” అని అర్థం.

🍆 పంపకుండా ఆగినందుకు మాత్రం మిమ్మల్ని అభినందించాలి. ఆ బొమ్మకు సామాజిక మాధ్యమాలలో కూరగాయలతో సంబంధం పోయి, అశ్లీలమైన అర్థం వచ్చి చాలాకాలమైంది. పక్కన 🍑 చేరితే ఇక చెప్పనక్కర లేదు. 2015లో ఇన్‌స్టాగ్రామ్ తన హ్యాష్‌ట్యాగ్ వెతుకులాటలో వంకాయ బొమ్మ పనిచేయకుండా ఆపింది. తోట పంటకు 🌱 శ్రేయస్కరం.

పాత ఫైలు:

“ఎవరికి తోచినట్టు వారు” అన్నమాట సరదా కబుర్లకు సరిపోతుంది కానీ, డబ్బు వ్యవహారం వచ్చినప్పుడు న్యాయస్థానాలు ఈ బొమ్మలను శ్రద్ధగానే చదువుతున్నాయి. బొమ్మల కలయిక మీదే వచ్చిన తీర్పు ఒకటి నాకు చాలా ఇష్టం. ఇజ్రాయెల్‌లో ఇల్లు అద్దెకు ఇస్తామని ప్రకటన ఇచ్చిన యజమానికి ఒక జంట, ఇల్లు కావాలని, వివరాలు మాట్లాడుకుందామని సందేశం పంపుతూ, నవ్వు ముఖంతో పాటు నాట్యం చేస్తున్న స్త్రీ, జంటగా ఆడుతున్న అమ్మాయిలు, రెండు వేళ్ళ గుర్తు, తోకచుక్క, ఉడుత, షాంపేన్ సీసా వరుసగా పెట్టారు. ఆయన బేరం కుదిరినట్టే భావించి ప్రకటనను తీసివేశాడు. ఆ తరువాత వారు మాట్లాడటమే మానేశారు. 2017లో అక్కడి చిన్న వ్యాజ్యాల న్యాయస్థానం, ఆ బొమ్మల వరుస వల్ల ఒప్పందం కుదిరినట్టు కాదు గానీ, అది గొప్ప ఆశను కలిగించిందని, యజమాని నమ్మడం సహజమేనని చెప్పి, ఎనిమిది వేల షెకెళ్ళు చెల్లించమంది. ఉడుత ఎందుకుందో నాకు నేటికీ బోధపడలేదు. అయినా వరుస మొత్తాన్ని కలిపి చదివితే సంబరమే కనిపిస్తుంది.

కెనడాలోని సస్కాచువాన్‌లో ధాన్యం కొనే సంస్థ ఒకటి అవిసె గింజల ఒప్పందపత్రం ఫొటో పంపి, నిర్ధారించమని అడిగితే, రైతు 👍 అని ఊరుకున్నాడు. ధర పెరిగాక సరుకు పంపలేదు. “పత్రం అందిందనే నా భావం” అన్నాడాయన. గతంలో ఆ ఇద్దరూ ఇలాగే పొట్టి జవాబులతో ఒప్పందాలు చేసుకుని నెరవేర్చుకున్నారు కనుక, ఇదీ సంతకమే అని 2023లో న్యాయమూర్తి తేల్చారు. పరిహారం సుమారు 82 వేల కెనడా డాలర్లు. 2024లో పై న్యాయస్థానం కూడా దాన్ని సమర్థించింది. ఇక మన పొరుగున మద్రాసు హైకోర్టు దృష్టి ఇంకోలా ఉంది. ఒక అధికారి హత్య గురించి గ్రూపులో వచ్చిన సందేశానికి 👍 పెట్టిన రైల్వే రక్షక దళం కానిస్టేబులును ఉద్యోగం నుంచి తొలగించగా, ఆ గుర్తును “చూశాను” అన్నట్టుగా తీసుకోవచ్చు గానీ హత్యకు సంబరపడినట్టు భావించలేమని 2024లో చెప్పింది. బొటనవేలు ఒక్కటే, ముందు ఏ సందేశం ఉంది, పంపినవారికీ అందుకున్నవారికీ మధ్య పాత అలవాటు ఏమిటి అన్నదాన్నిబట్టి అర్థం మారింది. మీరు అడిగిన నియమం ఏదైనా ఉంటే అది ఇదే.

అరసున్న:

పై మాటలతో ఏకీభవిస్తూనే, ఒక సాంకేతిక విషయం చేరుస్తాను. కొన్ని కలయికలను మనుషులు కాక ఫోనే కలుపుతుంది. ❤️‍🔥 అనే మండుతున్న హృదయం నిజానికి హృదయం, నిప్పు అనే రెండు గుర్తుల మధ్య కంటికి కనిపించని ఒక అతుకు అక్షరం పెట్టగా వచ్చినది. 2020లో ఆమోదం పొందిన ఈ జోడీ తెలియని పాత ఫోనులో హృదయం వేరుగా, నిప్పు వేరుగా కనిపిస్తాయి. పంపినవారి ప్రేమ అందుకున్నవారికి ఇల్లు తగలబడినట్టు తోచవచ్చు. అన్ని భాషల అక్షరాలకూ, ఈ బొమ్మలకూ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పట్టికలో ఈ అతుకు అక్షరానికి పక్కింటిది, విడదీసే అక్షరం. అది లేకపోతే “సాఫ్ట్‌వేర్” అని టైపు చేసినప్పుడు టకారం కింద వకారం వత్తుగా చేరి “సాఫ్ట్వేర్” అవుతుంది. అంటే తెలుగు టైపు చేసేవారికి ఈ కుటుంబం కొత్తదేమీ కాదు.

🇮🇳 కూడా ఒక బొమ్మ కాదు, ఐ, ఎన్ అనే రెండు అక్షర సంకేతాల జోడీ. అందుకే విండోస్ కంప్యూటర్లో చాలాచోట్ల జెండాకు బదులు ఆ రెండు అక్షరాలే కనబడతాయి. 2016లో ఆపిల్ తుపాకీ బొమ్మను నీళ్ళ పిచికారీగా మార్చినప్పుడు, ఇతర ఫోన్లలో ఇంకా అసలు తుపాకీయే ఉండేది. హోళీ ఆటకు రమ్మని పంపినది బెదిరింపుగా చేరే అవకాశం అప్పట్లో నిజంగానే ఉంది.

గోదావరి గట్టు:

రెండో బెంచీవారు చెప్పిన అర్థాలు నగరంలోని కళాశాల పిల్లలవి. మా వైపు ఎన్నికల రోజుల్లో వ్యాఖ్యలు చదివితే వేరే నిఘంటువే ఉంటుంది. 💛🚲 కనిపిస్తే తెలుగుదేశం, 🩷🚗 కనిపిస్తే భారత రాష్ట్ర సమితి, ✋ ఒక్కటున్నా కాంగ్రెస్ అని పసిపిల్లలు కూడా చెబుతారు. 2021 దాకా తామర బొమ్మే లేదు కనుక భాజపావారు ఏదో ఒక పువ్వుతో సరిపెట్టుకున్నారు. మామూలు గులాబీ రంగు హృదయం కూడా 2022లో గానీ ప్రమాణంలోకి రాలేదు. వైకాపావారికి సీలింగు ఫ్యాను బొమ్మ ఇప్పటికీ లేదు, ఉన్నది విసనకర్ర మాత్రమే. ఈ జోడీలు తెలియని విదేశీయుడు చూస్తే ఎవరో సైకిలును ప్రేమిస్తున్నారనుకుంటాడు.

ఇంకొక మాట. 🙏 ఒకటి పెడితే నమస్కారం. సినిమా ప్రకటన కింద ఏడెనిమిది వరుసగా పెడితే, అది భక్తో విరక్తో తెలియాలంటే రాసినవారు ఏ కథానాయకుడి అభిమానో చూసుకోవాలి.

మేడ మీద మొక్కలు:

అందరికీ కృతజ్ఞతలు. అక్కయ్యకు “నవ్వలేక చచ్చాను” అన్న వివరణ చదివి వినిపించగా శాంతించారు. ఒక్క సందేహం మిగిలింది. ఎవరైనా పోయారన్న కబురు కింద కొందరు 👍, కొందరు 😢🙏 పెడుతున్నారు, ఒకసారి 😂 కూడా కనిపించింది. దీన్ని ఏమనుకోవాలి?

పాత ఫైలు:

👍 పెట్టినవారు చాలావరకు కబురు అందిందని చెబుతున్నారు. అయినా చావు కబురుకు అది తగదు. దగ్గరివారైతే ఫోన్ చేయాలి, కాకపోతే ఒక వాక్యమైనా రాయాలి. అప్పుడు చివర 🙏 ఉన్నా లేకపోయినా తేడా ఉండదు. 😂 విషయంలో మాత్రం తొందరపడి ఎవరినీ తప్పుపట్టకండి. 2022లో వాట్సాప్ స్పందనలు ప్రవేశపెట్టినప్పుడు ఇచ్చిన వరుస 👍❤️😂😮😢🙏. అందులో నవ్వుకూ ఏడుపుకూ మధ్య ఒక్క బొమ్మే అడ్డం. వేలు జారడానికి అంత దూరం చాలు. అలా పెట్టినది ఎవరో తెలిస్తే విడిగా ఫోన్ చేసి చెప్పండి. ఆ స్పందనను మళ్ళీ తాకితే తొలగించే వీలుంటుంది.