ఆదోని పత్తి యార్డులో టీ ఆపి కషాయం పోద్దామా?

పెన్నా ఒడ్డు (ధర్మవరం):
మన బడి పాత విద్యార్థులం తలా ఇంత వేసుకొని, పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డులో రైతులకు, హమాలీలకు తెల్లారుజామున టీ పోస్తాండాం గదా. ఈసారి టీ మానేసి ధనియాలు, శొంఠి, తులసి వేసి కాచిన కషాయం పోద్దామంటాన్నా. టీ మన తాతల నాటిది కాదు. 1903లో తెల్లోళ్లు ఎగుమతయ్యే టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో మన జనానికి ఈ అలవాటు నేర్పినారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి మిల్లుల్లో, బొగ్గు గనుల్లో టీ కొట్లు పెట్టించి, తాగేదానికి పని మధ్యలో విరామం కూడా ఇప్పించినారు. కూలోళ్ల మీద ప్రేమతో కాదు, సరుకు అమ్ముకునేదానికి. మన ధనియాల నీళ్లు, నన్నారి, తంగేడు పూల కషాయం యాడికి పోయినాయి? మీ మాట చెప్పండి.

బురుజు కాడ (కర్నూలు):
జ్వరమొస్తే తప్ప కషాయం ఎవరు తాగుతారన్నా? టీనే ఉండనీ.

ఆదోని అరుగు:
మొత్తం తెల్లోళ్ల పనే అన్నట్టు రాస్తివి. అస్సాం అడవిలో సింగ్‌ఫో జనం ముందు నుంచే ఆ ఆకు కాచుకొని తాగుతుండిరి. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే తెల్ల వ్యాపారికి దాని సంగతి తెలిసింది వాళ్ల దగ్గరే. తోటల కంపెనీలు వచ్చింది ఆ తర్వాత, 1839లో. ఇంగ ఇప్పుడు మనం తాగే టీ అంటావా, పాలు దండిగా పోసి, అల్లం దంచి, యాలక్కాయ వేసి కాచేది మనోళ్లు చేసుకున్నదే. ఆ ప్రచారం చేసినోళ్లకే అది నచ్చలేదు. పాలు, మసాలా ఎక్కువైతే ఆకు తక్కువ ఖర్చయితుందని వాళ్ల బాధ. 1930లలో ఆకును నలిపి, చింపి, గుండ్రంగా చుట్టే సీటీసీ మిషన్లు వచ్చినాయి. గుప్పెడు గింజ టీ వేస్తే గంగాళం నీళ్లు రంగు తిరిగేది దాంతోనే, పేదోడికి అందింది దాంతోనే.

తాతల నాటిదే కావాలంటే శనక్కాయ కూడా వదిలెయ్. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అనంతపురం జిల్లా దాని మీదే బతికింది.

పెన్నా ఒడ్డు:
శనక్కాయకూ టీకీ పోలికనా? శనక్కాయ కడుపు నింపుతుంది. టీ ఏం నింపుతుంది? దానికి జవాబు చెప్పు.

ఆదోని అరుగు:
నువ్వు ఎత్తిన మాట ఎవరు తెచ్చినారని. దానికి నేను చెప్పినా. ఇప్పుడు మాట మారుస్తాండావు.

నల్లమల అంచు (ఆత్మకూరు):
టీ గొడవ మీరు తేల్చుకోండి. నన్నారి పేరు మాత్రం ఊరికే తీయకండి. నన్నారి చేసే సుగంధి వేరు సన్నగా, తీగ మాదిరి ఉంటుంది. దంచి, నడిమి పుల్ల తీసి పారేసి, పై బెరడు రాత్రంతా నానబెట్టాల. కుతకుతా ఉడికిస్తే వాసనంతా ఆవిరితో పోతుంది. పొద్దున వడగట్టి పాకంలో కలుపుతారు. మన ఊర్లలో అమ్మే షర్బత్తులో చానా మటుకు ఆ వేరు కాదు, మారెడు కొమ్ములు. లావు గడ్డలు, వాసన దగ్గరగా ఉంటుంది. అది నల్లమల, శేషాచలం బండల సందుల్లో పెరిగేది. గడ్డ తవ్వితే చెట్టే పోతుంది. ఇప్పటికే అంతరించే జాబితాలో ఉంది. యార్డు నిండా పొయ్యాలంటే ఎన్ని చెట్లు పీకాల?

కొత్తచెరువు పిల్లోడు:
నన్నారి ఎండాకాలం కదన్నా. పత్తి వచ్చేది చలిలో.

కడప సిస్టరు:
ఆసుపత్రిలో రోజూ చూసేది చెప్తా. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరలు, పప్పులు, రాగుల్లోని ఇనుమును పట్టుకొని ఒంటికి ఎక్కనీయవు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లలో వందకు 58 మందికి పైగా రక్తహీనతే. దానికంతా టీనే కారణమని నేననను. తిండే చాలదు, ఆ తిన్నదానితో పాటే టీ పడుతుంది. కనీసం గంట ఎడముండాల. ఇనుం బిళ్ల మింగేటప్పుడైతే టీ అసలే వద్దు.

పెన్నా ఒడ్డు:
సిస్టరక్క చెప్పింది చూడండి. అందుకే కషాయం. తంగేడు పూలు ఊరికే దొరుకుతాయి, గట్ల మీద పచ్చగా పూసి ఉంటాయి. శ్రీలంకలో రణవరా అని ఇప్పటికీ కాచుకొని తాగుతారు. షుగరుకు కూడా మంచిదంటారు.

ఆదోని అరుగు:
ఆ కడపటి మాట తీసెయ్. మా నాయనకు షుగరు. ఊర్లోకి వచ్చినోడొకడు తంగేడు పూల పొడి ఇచ్చి, కషాయం తాగు, బిళ్లలు ఆపు అని చెప్పినాడు. మా నాయన నమ్మినాడు. నేను బెంగళూరులో ఉంటి, నాకు చెప్పలేదు. కాలి వేలికి చిన్న బొబ్బ వచ్చింది, ముల్లు గుచ్చుకుందనుకున్నారు. ఆసుపత్రికి తీసుకపోయేసరికి వేలు నల్లబడి ఉండె. రెండు వేళ్లు తీసేసినారు. మందు మాదిరి చెప్పి కషాయం పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది నువ్వైనా సరే.

పెన్నా ఒడ్డు:
నేను బిళ్లలు ఆపమన్నానా? నన్ను వానితో కలుపుతావా?

మా అమ్మ గుంత మగ్గం మీద కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేది కాదు. ఆకలైనప్పుడల్లా టీ. పాలకు దుడ్లు లేక నల్ల టీ, చక్కెర మాత్రం దండిగా. సంగటి మా ముందర పెట్టి, నాకు ఆకలి లేదనేది. నిజంగానే టీ తాగితే ఆకలి చచ్చిపోయేది. పట్టు చీరకు జరీ అంచు నేస్తా నేస్తా పక్కకు ఒరిగిపోయింది. రక్తం అడుగంటిందన్నారు డాక్టర్లు. నీకు టీ అంటే అల్లం, యాలక్కాయ. నాకు మా అమ్మ గ్లాసు.

బురుజు కాడ:
ఇద్దరూ కొంచెం తగ్గండన్నా.

ఆదోని అరుగు:
అమ్మ సంగతికి బాధగా ఉంది. అయినా ఒక మాట అంటా, కోపం తెచ్చుకోవద్దు. ఆ రోజుల్లో టీ దొరకకుండా పోయింటే అమ్మకు అన్నం దొరికేదా? దొరకదు. ఆకలి అట్లే ఉండేది, ఆ వేడి గ్లాసు కూడా ఉండేది కాదు. ధనియాల కషాయం తాగినా రక్తం పట్టదు.

పెన్నా ఒడ్డు:
అయితే తిండి పెట్టు! ఎన్ని సీజన్లుగా టీ పోస్తాండాం? రాత్రంతా ట్రాక్టరు మీద చలిలో వచ్చిన రైతు, బోరేలు మోసే హమాలీ వట్టి కడుపుతో మన టీ తాగి, వేలం అయ్యేదాకా ఆకలి తెలియకుండా పని చేస్తారు. మిల్లోళ్లు చేసిందీ అదే. మనం పేరు మార్చి చేస్తాండాం. నాకు మంట అక్కడ.

ఆదోని అరుగు:
ఈ మాట మొదటి రోజే రాసుంటే ఇంత గొడవ ఉండేదే కాదు. తిండికి నేను అడ్డం కాదు. వాళ్లకు టీ మంచిది కాదని ధర్మవరంలో కూర్చొని నువ్వు తీర్మానం చేయడానికే నేను అడ్డం. ఒక హమాలీనైనా అడిగినావా? చలిలో ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేదానికే నిలబడతారు మనుషులు. కావాలనుకున్నది అడిగే హక్కు వాళ్లకు లేదా?

పెన్నా ఒడ్డు:
అలవాటు చేసి, మళ్లీ అది వాళ్ల ఇష్టమంటావా?

కడప సిస్టరు:
తిండి పెట్టేటట్టైతే ఒకటి గుర్తు పెట్టుకోండి. శనగ గుగ్గిళ్లు పెట్టి చేతిలోనే టీ గ్లాసు పెడితే, గుగ్గిళ్లలోని ఇనుములో చానా భాగం దండగే. రాగానే గుగ్గిళ్లు, పైన నిమ్మకాయ పిండండి. పులుపుకు ఇనుం బాగా పడుతుంది. టీ వేలం మొదలైనాక పోయండి.

కొత్తచెరువు పిల్లోడు:
బొరుగుల ఉగ్గాని పెడితే అందరూ తింటారక్కా. గుగ్గిళ్లు పెద్దోళ్లకు పండ్లకు కష్టం.

కడప సిస్టరు:
ఉగ్గానిలో పుట్నాల పొడి దండిగా వేయించండి, నిమ్మకాయ అట్లే.

ఆదోని అరుగు:
చలిలో వచ్చినోడిని గంటసేపు టీ లేకుండా నిలబెట్టలేను. రేపు యార్డుకు పోయి హమాలీ మేస్త్రీని, ఆడోళ్లను అడిగి వచ్చి రాస్తా. వాళ్లు టీ ముందు కావాలంటే ముందే పోస్తా.

పెన్నా ఒడ్డు:
పోయి అడుగు. రాత్రి ఏం తిన్నారో కూడా అడుగు. నా దుడ్లు మాత్రం శనగలకు, బొరుగులకు జమ కట్టండి. టీ పొడికి ఒక్క రూపాయి వద్దు.