లారీ కమాన్ పట్టీ తిన్నగా రావట్లేదు, తెలిసినోళ్లు చెప్పండి

అన్నలూ, మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర. బొండాలు కొట్టుకోడానికి మా నాన్నకి ఒక కత్తి నా చేత్తోనే చేసిద్దామని పాత లారీ కమాన్ పట్టీ (చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు ఉక్కు బద్ద) తెచ్చి 14 అంగుళాలు కోశాను, మందం 8 మిల్లీమీటర్లు. కమాన్ కదా, వంపు ఉంటాది, అది తియ్యడమే అవ్వట్లేదు. ముందు చల్లగానే వైస్‌లో బిగించి వంచితే మళ్లీ వెనక్కి వచ్చేస్తోంది, ఇంకో ముక్కని సమ్మెటతో గట్టిగా కొడితే టప్పుమని విరిగిపోయింది. తర్వాత కొలిమిలో ఎర్రగా కాల్చి దాగలి (కమ్మరి ఇనప దిమ్మ) మీద బోర్లించి కొట్టాను, వంపు పోయింది గానీ అంచు వైపు పక్కకి తిరిగింది, స్టీల్ స్కేలు ఆనిస్తే మధ్యలో అగ్గిపుల్ల దూరేంత సందు, పైగా అంతా సుత్తి గుంటలే.

అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా కాల్చి, బూడిదలో కప్పెట్టి రాత్రంతా వదిలేస్తే మెత్తబడతాది కదా, అలా చేశాక చల్లగా వంచితే నిలుస్తాదా, లేక వేడి మీదే కర్ర సుత్తితో కొట్టాలా? అంచు వైపు వంకరకి పట్టీని నిలబెట్టి కొడితే అది పడిపోతోంది, ఎలా పట్టుకోవాలి? ఇంకోటి, మిగిలిన వంకర గ్రైండర్‌తో అరగదీసేస్తే రేపు కత్తి గట్టిపడ్డానికి కాల్చి నూనెలో ముంచినప్పుడు మళ్లీ తిరిగిపోతాదేమోనని భయంగా ఉంది. మంచి ముక్క ఇదొక్కటే మిగిలింది, కమ్మరి పని చేసినోళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.