ఓక్ చెక్క పీపాల్లో మాగిన ఫ్లెమిష్ ఎర్ర ఎయిల్ (ఒక రకం బీరు): తాగినవాళ్లు రుచి గురించి చెప్పండి

కొత్తరుచి:
బెల్జియంలోని లూవెన్‌లో ఉంటున్నాను. మొన్న ఆఫీసు వాళ్లతో బయటికి వెళ్తే ఎవరో రోడెన్‌బాక్ గ్రాండ్ క్రూ అనే ఈ రకం బీరు ఆర్డర్ చేశారు. ఎరుపు కలిసిన ముదురు గోధుమ రంగు, పైన పల్చటి నురగ. మొదటి గుక్కకే దవడలు లాగేశాయి. పుల్ల చెర్రీ రుచి, దాని వెనకే ముక్కుకి వెనిగర్ ఘాటు. పక్కన బెల్జియం వాళ్లు హాయిగా తాగుతున్నారు కాబట్టి పాడైన బీరు కాదని అర్థమైంది. నాకు నచ్చిందో లేదో మాత్రం తేల్చుకోలేకపోయాను. దీంట్లో ఏం చూడాలి, ఏది ఉంటే బాగున్నట్టు? ఇష్టంగా తాగేవాళ్లు కాస్త వివరంగా రాయండి.

గెంట్_గోదారి:
మంచి బీరుతోనే మొదలుపెట్టారండీ. మీకు తగిలినవి రెండు వేరు వేరు పులుపులు. దవడలు లాగేది లాక్టిక్ ఆమ్లం, పెరుగులో ఉండేదే. ముక్కుకి తగిలేది అసిటిక్, అంటే వెనిగర్‌లో ఉండేది. ఈ రకం ఎయిల్‌లో రెండూ ఉండాలి, కానీ రెండోది ఎప్పుడూ వెనకే ఉండాలి, ముందుకొచ్చి కూర్చుంటే బీరు దెబ్బతిన్నట్టే.

రోడెన్‌బాక్ వాళ్లది పశ్చిమ ఫ్లాండర్స్‌లోని రూసలారె ఊరు, 1821 నుంచి అక్కడే. వాళ్ల దగ్గర 294 ఓక్ ఫూడర్లు ఉన్నాయి. ఫూడర్ అంటే మనిషి కంటే చాలా ఎత్తుండే నిలువు పీపా, వాటిలో కొన్ని వందేళ్లు దాటినవి, మరమ్మతులకి సొంత పనివాళ్లు కూడా ఉన్నారు. బీరు వాటిలో రెండేళ్ల దాకా ఉంటుంది. తర్వాత ఆ పాత బీరులో కొత్త బీరు కలుపుతారు. గ్రాండ్ క్రూలో మూడింట రెండు వంతులు పాతది, ఆల్కహాల్ 6 శాతం. మామూలు రోడెన్‌బాక్‌లో పాతది నాలుగో వంతే, 5.2 శాతం. మీరు తిన్నగా గట్టిదాని దగ్గరికే వెళ్లారు. ఈసారి ముందు మామూలుది తాగి, తర్వాత గ్రాండ్ క్రూ తాగి చూడండి, పీపా ఏం చేస్తుందో ఒక్క సాయంత్రంలోనే తెలిసిపోతుంది.

మాల్ట్_మావయ్య:
గోదారి గారు చెప్పింది కరెక్ట్, నేను తయారీ వైపు నుంచి కొంచెం కలుపుతాను. అమెరికాలో ఉంటాను, ఇంట్లో బీరు కాస్తాను, చిన్న ఓక్ పీపాలో ఈ రకం పెట్టాను.

అందరూ ఆ ఎరుపు చెక్క నుంచి వచ్చిందనుకుంటారు, కాదు, అది మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రంగు. పాత ఫూడర్ నుంచి చెక్క వాసన కూడా పెద్దగా దిగదు. చెక్క చేసే అసలు పని రెండు. ఒకటి, బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌కీ, లాక్టిక్ బాక్టీరియాకీ దాని రంధ్రాల్లో కాపురం దొరుకుతుంది. రెండు, గాలిని చాలా కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. అసిటిక్ ఆమ్లం తయారవ్వాలంటే ఆక్సిజన్ ఉండాలి. ఇక్కడే సైజు ముఖ్యం: పీపా ఎంత చిన్నదైతే లోపలున్న బీరుకి అంత ఎక్కువ గాలి తగులుతుంది, అంత త్వరగా వెనిగర్ వైపు వెళ్తుంది. పెద్ద ఫూడర్‌లో అది నిదానంగా నడుస్తుంది కాబట్టి ఈలోపు చెర్రీ, ఎండుద్రాక్ష లాంటి వాసనలు పుట్టడానికి టైమ్ దొరుకుతుంది. నేను నా పీపాలో మట్టం తగ్గినప్పుడల్లా కొత్త బీరు పోసి నింపేస్తాను, పైన ఖాళీ వదలను.

నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన గట్టిగా కొడితే మాత్రం అది ఇథైల్ అసిటేట్ అనే పదార్థం శృతి మించినట్టు. కొద్దిగా ఉంటే పండు వాసనలా తోస్తుంది, మించితే నేనైతే గ్లాసు పక్కన పెట్టేస్తాను.

డచెస్_అభిమాని:
అందరూ రోడెన్‌బాకే అంటున్నారు, ఇదే రకం బీరు డ్యూషెస్ ద బుర్గోన్ (బర్గండీ డచెస్ అని అర్థం) మాట ఎవరూ ఎత్తలేదేంటి? విఖ్తె ఊళ్లో వెర్‌హాగె కుటుంబం చేస్తుంది, 6.2 శాతం. సీసా మీదున్న ఆవిడ ఆ డచెస్, బర్గండీని ఏలిన మేరీ, గుర్రం మీంచి పడి 1482లో చనిపోయింది, అప్పటికి పాతికేళ్లే. ఇదీ ఓక్‌లో మాగినదే, ఇదీ పాత కొత్త కలిపినదే, కానీ తీపి ఎక్కువ, బాల్సమిక్ వెనిగర్‌లో ఉండే లాంటి చిక్కటి తీపి. పులుపంటే భయపడే మా ఆవిడకి ముందు ఇదే ఇచ్చాను, ఇప్పుడు తనే అడిగి తెప్పించుకుంటుంది.

గెంట్_గోదారి:
తప్పు పట్టట్లేదు అన్నా, కానీ నాకు డ్యూషెస్ సగం గ్లాసు దాటేసరికి తీపి నోటికి అంటుకుంటుంది. గ్రాండ్ క్రూలో గుక్క దిగాక నోరు శుభ్రంగా ఆరిపోతుంది, వెంటనే ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. నా లెక్కలో మంచి పుల్లటి ఎయిల్‌కి గుర్తు అదే.

తాటివనం:
నాది నల్గొండ వైపు, ఇప్పుడు హైదరాబాద్‌లో. గ్రాండ్ క్రూ ఫ్రెండ్ తెస్తే తాగాను. నాకు అసలు కొత్తగా అనిపించలేదు. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పులిసి, సాయంత్రానికి ఘాటెక్కుతుంది కదా, ఆ వరుసనే వీళ్లు చెక్కలో పెట్టి రెండేళ్లకి సాగదీసినట్టుంది. కల్లు పులుపు అలవాటైన నాలుకకి ఇది ఈజీగా ఎక్కుతుంది. నన్ను ఆశ్చర్యపరిచింది చేదు లేకపోవడమే, బీరంటే చేదు అనుకునేవాణ్ని.

మాల్ట్_మావయ్య:
బాగా చెప్పావు తమ్ముడూ. ఈస్ట్, తర్వాత లాక్టిక్, చివరికి అసిటిక్, కల్లులోనూ దాదాపు ఇవే. చేదు సంగతికొస్తే, హాప్స్ (బీరుకి చేదు ఇచ్చే పూలు) ఎక్కువేస్తే లాక్టిక్ బాక్టీరియా బతకదు, పైగా చేదూ పులుపూ ఒకే గ్లాసులో కొట్టుకుంటాయి. అందుకే తక్కువ వేస్తారు.

కొత్తరుచి:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. ఇంకో రెండు డౌట్లు. ఎంత చల్లగా తాగాలి? పక్కన ఏం తినాలి?

డచెస్_అభిమాని:
ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచండి. 10 డిగ్రీల దగ్గర బాగుంటుంది. మరీ చల్లగా ఉంటే పులుపొక్కటే తెలుస్తుంది, పండు వాసన లేవదు. పొట్ట వెడల్పు, మూతి ఇరుకు ఉన్న గ్లాసైతే మేలు. తాగే ముందు వాసన చూడండి, చిన్న గుక్క తీసుకుని నోట్లో కాసేపు ఉంచండి.

గెంట్_గోదారి:
తిండికైతే ఇక్కడి స్టోఫ్‌ఫ్లేస్, అంటే బీరులో నిదానంగా ఉడికించిన బీఫ్ కూర, బాగా కుదురుతుంది. బీఫ్ తినకపోతే చిన్న రొయ్యల క్రోకెట్లు (పైన రొట్టెపొడి అద్ది నూనెలో వేయించిన ముద్దలు), వేపుడు కొవ్వుని ఆ పులుపు కోసేస్తుంది. మన రొయ్యల వేపుడుతో కూడా తాగాను, కారం తగ్గించి చేస్తే బ్రహ్మాండం. గోంగూర, చింతపండు కూరలతో మాత్రం వద్దు, పులుపు మీద పులుపు పడి బీరు రుచే తెలియదు. ఎసిడిటీ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో అసలు ముట్టుకోకండి.

తాటివనం:
సీసా ఇంట్లో దాచిపెడితే వైన్‌లా ఇంకా బాగుపడుతుందా?

మాల్ట్_మావయ్య:
కొని దాచాల్సిన పని లేదు. తీపి కొత్త బీరు కలిపాక లోపలి సూక్ష్మజీవులు ఆ చక్కెర తినెయ్యకుండా ఈ రకం బీర్లని చాలావరకు పాశ్చరైజ్ చేసే సీసాకెత్తుతారు. మాగాల్సింది పీపాలోనే మాగిపోయింది. ఒకే ఫూడర్ నుంచి తీసే రోడెన్‌బాక్ వింటేజ్, 7 శాతం, దొరికితే తీసుకోండి. అందులో కొత్త బీరు కలపరు, కాబట్టి ఫూడర్ రుచి ఏంటో సూటిగా తెలుస్తుంది.