తెర మీద ముఖ్యమంత్రి కొడుకు, బయట జెండా మోసే కుర్రాడు: కాలేజీ ఎన్నికలు మళ్ళీ పెట్టాలా?

చివరిబెంచీ:
మన సినిమాల్లో యువనాయకుడంటే ఎవరు? 2010లో ‘లీడర్’: ముఖ్యమంత్రి కొడుకు. 2018లో ‘భరత్ అనే నేను’: ముఖ్యమంత్రి కొడుకు. అదే ఏడాది ‘నోటా’: మళ్ళీ ముఖ్యమంత్రి కొడుకే. తండ్రి పోయాడనో, కేసులో ఇరుక్కున్నాడనో కుర్రాడు ప్రమాణస్వీకారం చేస్తాడు, ఆ తర్వాత వ్యవస్థను కడిగి ఆరేస్తాడు. మనం ఈలలు వేస్తాం. కుర్చీ దాకా ఎలా వచ్చావయ్యా అని ఒక్కరం అడగం.

ఇందులో సినిమావాళ్ళ తప్పేమీ లేదంటాను. మామూలు ఇంటి కుర్రాడు కింది నుంచి ఎదిగి వచ్చినట్టు చూపిస్తే మనమే నమ్మం. ‘లీడర్’ తీసిన శేఖర్ కమ్ములే 2007లో ‘హ్యాపీ డేస్’ తీశారు. ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళ జీవితమంతా ఉంది అందులో, రాజకీయం మాత్రం లేదు. ఉన్నదున్నట్టే తీశారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేసి దశాబ్దాలైంది. మెట్లు తీసేసి, పైకి ఎక్కట్లేదేమని పిల్లల్ని తిడుతున్నాం. ఎన్నికలు మళ్ళీ పెట్టాలన్నది నా మాట. కాదనేవాళ్ళు చెప్పండి.

కృష్ణాతీరం:
నేను కాదంటాను. మీరు ‘హ్యాపీ డేస్’ చెప్పారు, నేను 1989 నాటి ‘శివ’ గుర్తుచేస్తాను. కాలేజీ నాయకుడి వెనక రౌడీ, రౌడీ వెనక రాజకీయ నాయకుడు. సైకిల్ చైన్ సీను చూసి హాల్లో అంతా ఊగిపోయాం గానీ, ఆ కథలో కల్పన తక్కువే. అంతకు ముందే, 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఆవరణలోనే విద్యార్థి నాయకుడు జార్జ్ రెడ్డిని చంపేశారు. పాతికేళ్ళవాడు, ఫిజిక్స్‌లో దిట్ట. ఆయన మీద 2019లో సినిమా వస్తే చప్పట్లు కొట్టాం, బాగానే ఉంది. ఆ చప్పట్లు కొట్టిన తల్లిదండ్రుల్లో ఎందరు తమ పిల్లాణ్ణి అలా పంపుతారో చెప్పండి.

చివరిబెంచీ:
కృష్ణాతీరం గారూ, భయం అర్థమైంది. కానీ 1978 అసెంబ్లీ చూడండి. చంద్రగిరి నుంచి చంద్రబాబు, పులివెందుల నుంచి రాజశేఖరరెడ్డి, ఉదయగిరి నుంచి వెంకయ్యనాయుడు. ముగ్గురూ మొదటిసారి గెలిచారు, ముగ్గురికీ ముప్పై నిండలేదు. ముగ్గురూ కాలేజీ రాజకీయాలు చేసి వచ్చినవాళ్ళే. తర్వాత ఇద్దరు ముఖ్యమంత్రులు, ఒకరు ఉపరాష్ట్రపతి. ఒకే ఏడాది పంట అది! వాళ్ళ రాజకీయం నచ్చిందా లేదా అన్నది వేరే చర్చ తెరిచి కొట్టుకుందాం. ఆ మాదిరి బడి ఇప్పుడెక్కడుంది?

కృష్ణాతీరం:
మంచి ఉదాహరణే, అయితే సగమే చెప్పారు. ఆ ముగ్గురూ గెలిచింది మూడు వేర్వేరు పార్టీల మీద: ఇందిరా కాంగ్రెస్, రెడ్డి కాంగ్రెస్, జనతా. అప్పుడే కాంగ్రెస్ నిలువునా చీలింది. టికెట్లు ఖాళీగా ఉన్నాయి, కుర్రాళ్ళకు దొరికాయి. 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టింది, తొమ్మిది నెలల్లో ఎన్నికలు. మళ్ళీ కొత్త ముఖాలకు గిరాకీ. పాతికేళ్ళ ఎర్రన్నాయుడు 1983లో ఎమ్మెల్యే అయింది అలాగే. పాత పార్టీ పగిలినప్పుడో కొత్తది పుట్టినప్పుడో తలుపు తెరుచుకుంటుంది. పార్టీ పాతబడగానే అదే తలుపులోంచి వారసులు వస్తారు. ఎర్రన్నాయుడు గారి అబ్బాయి రామ్మోహన్ 2014లో ఎంపీ, 2024లో కేంద్రమంత్రి. సమర్థుడే, నేను కాదనను. తండ్రి వచ్చిన దారీ కొడుకు వచ్చిన దారీ ఒకటి కావన్నదే నా పాయింటు. దీనికీ కాలేజీ బ్యాలెట్ పెట్టెకూ ఏం సంబంధం?

మానేరు_పోరడు:
పెద్దాయన చెప్పిన దాంట్ల పస ఉన్నది. 2009ల తెలంగాణ ఉద్యమంల ఉస్మానియల ఏమైంది? లాఠీలు తిన్నది పోరగాళ్ళు. శ్రీకాంతాచారి పాణమే ఇచ్చిండు. ఆ ఉద్యమం నడిపిన పార్టీ 2014ల బాల్క సుమన్‌ను ఎంపీ చేసింది, గాదరి కిశోర్‌ను ఎమ్మెల్యే చేసింది. కాదంటలేను. మరి మిగిలినోళ్ళు? నోటిఫికేషన్ల కోసం అశోక్‌నగర్ల కోచింగులకు పోయిన్రు.

ఇంకో ముచ్చట. అందరు పెద్ద తెర గురించే మాట్లాడుతున్నరు. 2023ల కొల్లాపూర్‌ల బర్రెలక్క నిలబడ్డది చిన్న తెర బలం మీద, అంటే ఫోను మీద. డిగ్రీ చదివినా కొలువు రాలేదు, బర్రెలు కాస్తున్న అని ఒక్క వీడియో పెట్టింది. పార్టీ లేదు, ఈల గుర్తు. ప్రచారంల తమ్ముడి మీద దాడి జరిగింది, హైకోర్టుకు పోయి భద్రత తెచ్చుకున్నది. రాష్ట్రమంత ఆమె గురించే మాట్లాడింది. వచ్చిన ఓట్లు అయిదు వేల పైచిలుకు. లైకు కొట్టినోళ్ళ ఓటు కొల్లాపూర్ల లేదు కదా!

నల్లకోటు:
లెక్కలు కూడా చూద్దాం. ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 1989లో, 61వ రాజ్యాంగ సవరణతో. పోటీ వయసు మాత్రం అసెంబ్లీకి, లోక్‌సభకి 25 దగ్గరే ఆగింది. ఖర్చు సంగతి: అసెంబ్లీ అభ్యర్థికి మన రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునే పరిమితి 40 లక్షలు. అసలు ఎంత పోస్తారో ఇక్కడ అందరికీ తెలుసు, రాయక్కర్లేదు. కాలేజీ ఎన్నికకు, విద్యార్థి ఎన్నికల నియమాల కోసం వేసిన లింగ్డో కమిటీ పెట్టిన పరిమితి 5,000 రూపాయలు. అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసుకోవాలి. నేరచరిత్ర ఉంటే అనర్హుడు. సుప్రీంకోర్టు 2006లోనే అమలు చేయమంది. కేంద్ర విశ్వవిద్యాలయమైన హైదరాబాద్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. గొడవలు లేవనను, కానీ ‘శివ’ నాటి కాలం కాదది. డబ్బు లేని కుర్రాడు ఓట్లడగడం నేర్చుకోగల చోటు ఇంకోటి నాకైతే కనిపించట్లేదు.

గోరింట:
ఇంతసేపూ కుర్రాడు, కుర్రాడు అనే రాస్తున్నారు. బర్రెలక్క ఒక్కర్తే దారిన పోతూ కనిపించింది! ‘భరత్ అనే నేను’లో కాలేజీ అమ్మాయి కూడా ఉంది, సీఎం గారు చూసి మనసు పారేసుకోవడానికి. 2023లో పాలకుర్తిలో 26 ఏళ్ళ యశస్విని రెడ్డి ఎర్రబెల్లి దయాకర్‌రావు లాంటి వారిని ఓడించారు. సంతోషించాను. కానీ అక్కడ నిలబడాల్సింది అత్తగారు, పౌరసత్వం చిక్కు వల్ల కోడలు నిలబడ్డారు. అది కూడా ఇంటి దారే.

చోటు కనిపించట్లేదన్న నల్లకోటు గారికి ఒకటి చెప్తాను. పంచాయతీ. అక్కడ 21 ఏళ్ళకే పోటీ చేయొచ్చు, మన రెండు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు ఆడవాళ్ళవి. ఆ సగంలో ఎన్నిచోట్ల భర్తో మామో కుర్చీలో కూర్చుంటున్నాడో ముందు అడుగుదాం. కాలేజీ ఎన్నికలు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. పెడితే అమ్మాయిల హాస్టల్ గేటు ప్రచారం రోజుల్లో ఎన్నింటికి మూస్తారో కూడా అదే జీవోలో రాయండి.

చివరిబెంచీ:
గోరింట గారూ, హాస్టల్ గేటు సంగతి నాకు తట్టలేదు, మంచి మాట. కృష్ణాతీరం గారూ, తలుపు పార్టీ తెరవాల్సిందే, ఒప్పుకుంటాను. తెరిచిన రోజున లోపలికి వెళ్ళడానికి తయారుగా ఎవరో ఒకరు ఉండాలి కదా. 1978లో ఉన్నారు.

కృష్ణాతీరం:
సరే, ఒక షరతు. పార్టీల అనుబంధ సంఘాలు లేకుండా, జెండాలు లేకుండా జరిపిస్తానంటే నా వ్యతిరేకత వెనక్కి తీసుకుంటాను.

నల్లకోటు:
లింగ్డో కూడా పార్టీలను దూరం పెట్టమనే అన్నారండీ. 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది బ్యాక్‌లాగ్ ఒక్కటీ ఉండకూడదు అని కూడా అన్నారు.

మానేరు_పోరడు:
బ్యాక్‌లాగ్ ఉంటే నిలబడొద్దా? ఇగ మా ఇంజినీరింగ్ కాలేజీల అన్ని సీట్లు ఏకగ్రీవమే అన్నా, అది గూడ ఎవ్వడన్న దొరికితే.