నాయకత్వాన్ని దేనితో నిర్వచించాలి: గుణాలతోనా, పదవితోనా, వెంట నడిచేవారితోనా?

ప్రశ్న: వాల్తేరు అధ్యాపకురాలు

విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను చరిత్ర బోధిస్తున్నాను. మా దగ్గర ఏటా వార్షికోత్సవంలో ఒక విద్యార్థికి నాయకత్వ పురస్కారం ఇస్తారు. ఈసారి ఎంపిక సంఘంలో నన్నూ వేశారు. పాత అర్హతల పత్రం తీసి చూస్తే ఆత్మవిశ్వాసం, వాక్చాతుర్యం, క్రమశిక్షణ, దూరదృష్టి, చొరవ అని వరుసగా రాసి, ఒక్కొక్కదానికి పది మార్కుల చొప్పున కేటాయించి ఉంది. ఈ లెక్కన చూస్తే వేదికెక్కి ధారాళంగా మాట్లాడగలిగినవారికే ఎప్పుడూ పురస్కారం దక్కుతుంది. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) శిబిరంలో అలిగి కూర్చున్న రెండు జట్లనూ మళ్లీ పనిలోకి దించిన అమ్మాయి ఒకరున్నారు. ఆమె మైకు పట్టుకోరు కాబట్టి ఆ పేరు చర్చకైనా రాలేదు.

జాబితా స్థానంలో రెండు మూడు వాక్యాల నిర్వచనం పెట్టాలని నా ప్రతిపాదన. అయితే రాయబోయేసరికి రెండు చిక్కులు ఎదురయ్యాయి. తరగతి ప్రతినిధి వంటి పదవిలో ఉండటాన్ని నాయకత్వంగా లెక్కించాలా? నాయకుడు మంచివాడై ఉండాలన్న షరతు నిర్వచనంలోనే ఉండాలా, లేక అది వేరే విషయమా? అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, మేనేజ్‌మెంట్ విభాగం

అమ్మా, మీ కళాశాల జాబితాకు పెద్ద చరిత్రే ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగమంతా పరిశోధకులు ఇలాంటి జాబితాలతోనే కాలం గడిపారు. 1904 నుంచి 1947 వరకు వెలువడిన అధ్యయనాలను రాల్ఫ్ స్టాగ్‌డిల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో ఒకచోట చేర్చి పరిశీలించారు. తెలివి, చొరవ, బాధ్యత వంటివి నాయకులలో కొంత ఎక్కువగా కనిపించే మాట నిజమేనని, కానీ ఫలానా గుణాలు ఉన్నంత మాత్రాన ఎవరూ నాయకులు కారని, ఆ గుణాలకు వెంట ఉన్నవారి స్వభావంతోనూ, వారు సాధించదలచిన పనితోనూ పొంతన కుదరాలని ఆయన తేల్చారు. అందుకే ఒక జట్టును చక్కగా నడిపినవారు మరో జట్టులో ఎవరికీ పట్టనివారుగా మిగిలిపోవడం వింతేమీ కాదు.

మీకు అంతకన్నా పనికొచ్చేది 1930ల చివర అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు జరిపిన ప్రయోగం. పదేళ్ల వయసు బాలురను చిన్న చిన్న జట్లుగా చేసి, మాస్కుల తయారీ వంటి పనులు ఇచ్చారు. కొన్ని జట్లకు ప్రతి అడుగూ తానే ఆజ్ఞాపించే పెద్దను, కొన్నింటికి పిల్లలతో చర్చించి నిర్ణయాలు చేయించే పెద్దను, మరికొన్నింటికి దేనిలోనూ కలుగజేసుకోని పెద్దను పెట్టారు. ఆజ్ఞాపించే పెద్ద గదిలో ఉన్నంతసేపూ పని జోరుగానే సాగింది. ఆయన బయటికి వెళ్లగానే చాలావరకు కుంటుపడింది. చర్చించి నడిపిన జట్లలో పెద్ద లేకపోయినా పని దాదాపు యథాతథంగా కొనసాగింది. మీ శిబిరంలో ఆ అమ్మాయి పక్కన లేని రోజు ఆ రెండు జట్లూ ఏం చేశాయో కనుక్కోగలరా? వాక్చాతుర్యానికి వేసే పది మార్కులకన్నా అది నమ్మదగిన ఆధారం.

పదవి గురించి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ చేసిన విభజన ఇప్పటికీ చెల్లుతుంది. సంప్రదాయం వల్ల వచ్చే అధికారం వేరు, చట్టం వల్ల వచ్చేది వేరు, ఒక వ్యక్తిని జనం అసాధారణుడిగా గుర్తించడం వల్ల వచ్చేది వేరు. తరగతి ప్రతినిధి పదవి రెండో రకానికి చెందుతుంది. దానితో ఆజ్ఞాపించే హక్కు వస్తుంది, అంతవరకే.

జవాబు: ఉక్కునగరం నివాసి

ఆచార్యులవారి మాటకు కొంత సవరణ చేయదలచాను. ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు నడిపిన మనిషిని కాబట్టి ఆజ్ఞను అంత తేలికగా తీసివేయలేను. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న మా బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర ప్రమాద సూచన వచ్చిన క్షణంలో షిఫ్ట్ ఇన్‌చార్జి చర్చ పెట్టడు, పెట్టకూడదు. ఆయన చెప్పినట్టు అందరూ కదలాలి. ఇది ఆజ్ఞాధికారం. దానిని తక్కువ చేయనక్కరలేదు గానీ నాయకత్వమనీ అనకూడదు. ఆ తరువాత విచారణలో ‘నిర్ణయం నాది’ అని తన కింది ఉద్యోగిని కాచుకుంటాడా లేదా అన్న దగ్గర నాయకత్వం ప్రశ్న మొదలవుతుంది.

ఈ ఊళ్లో ఉన్నవారు నాయకత్వం గురించి ఆలోచించడానికి 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమాన్ని మించిన పాఠం లేదు. ఆ అక్టోబరులో టి. అమృతరావు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం అఖిలపక్ష కార్యాచరణకు పెద్దగా నిలిచి, ఒకరినొకరు నమ్మని పార్టీలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. శాసనసభ్యులు కొందరు పదవులు వదులుకున్నారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న నగరంలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఇందులో నాయకుడు ఎవరు? దీక్ష చేసినవారా, సమన్వయం చేసినవారా, పేరు కూడా మిగలని విద్యార్థులా? ఒక్క మనిషి వల్ల కర్మాగారం వచ్చిందని చెప్పే కథనాలు నాకు మింగుడుపడవు. అమృతరావు చేసిన పని తెన్నేటివారు, తెన్నేటివారు చేసిన పని అమృతరావు చేసి ఉండేవారు కారు. అందువల్ల మీ నిర్వచనం నాయకత్వాన్ని ఒక మనిషి సొత్తుగా కాక, ఒక పని చుట్టూ పలువురు పంచుకోగల బాధ్యతగా చెప్పాలి.

ఆ 32 మందిని తలచుకుంటే ఇంకో మాట కూడా తప్పదు. జనాన్ని ముందుకు నడిపించేవారు వారిని ప్రమాదంలోకీ తీసుకువెళతారు. జరిగినదానికి జవాబు చెప్పే బాధ్యత ఎవరు తీసుకుంటారన్నది నిర్వచనంలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

జవాబు: జాలరిపేట యువకుడు

మా కుటుంబం చేపల వేట మీద బతికింది కాబట్టి నాకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లే మర బోట్లలో బోటు నడిపే సరంగు మాటే చెల్లుతుంది. ఎటు వెళ్లాలి, వల ఎక్కడ వేయాలి, వాతావరణం మారుతుంటే ఎప్పుడు వెనక్కి తిప్పాలి అన్నవన్నీ ఆయన నిర్ణయాలు. సముద్రం మీద ఎవరూ ఎదురు చెప్పరు. ఉక్కునగరం పెద్దాయన చెప్పిన ఆజ్ఞాధికారానికి ఇదీ దగ్గరగానే కనిపిస్తుంది. అయితే ఒడ్డుకు చేరాక బోటు మీద పనిచేసే కలాసీలు స్వతంత్రులు. డీజిలు, ఐసు ఖర్చులు పోగా మిగిలినదాని పంపకంలో తేడా వచ్చినా, గాలివానలో మొండికేసి వేట సాగించాడని అనిపించినా, తరువాతి వేటకు వారు మరో బోటు చూసుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. అది ముగిశాక ఏ సరంగు పిలిస్తే పాత కలాసీలందరూ మళ్లీ వస్తారో చూస్తే ఎవరు ఎలాంటివారో పేటలో అందరికీ తెలిసిపోతుంది. బోటు యజమాని కూడా అది చూసే సరంగును పెట్టుకుంటాడు. కాదనడానికి వీలున్నప్పుడు కూడా మనుషులు వెంట వస్తున్నారా అన్నదే నేను చూసే గుర్తు.

జవాబు: మహిళా సంఘాల కార్యకర్త, గాజువాక

నాయకుడు మంచివాడై ఉండాలా అన్న రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. కాదనే వీలుండి కూడా జనం వెంట నడవడమే గుర్తయితే, పక్క వీధివారి మీదికి మూకను ఉసిగొల్పినవాడు కూడా నాయకుడే అవుతాడు, ఎందుకంటే ఆ మూక ఇష్టపూర్వకంగానే వస్తుంది. ఈ విషయంలో పండితులు కూడా రెండుగా చీలిపోయారు. 1978లో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ హిట్లర్‌ను నాయకుడిగా అంగీకరించలేదు. ఎదురు చెప్పే గొంతులన్నింటినీ అణిచివేసినవాడు నియంత అవుతాడే తప్ప నాయకుడు కాడని ఆయన వాదన. ఆచార్యులవారు ప్రస్తావించిన వెబర్ దారి వేరు. ఆయన వర్గీకరణలో మంచి చెడుల తీర్పు ఉండదు. ప్రవక్త అయినా, దొమ్మీని రెచ్చగొట్టేవాడైనా, జనం అసాధారణుడిగా గుర్తిస్తే ఆ మూడో రకం అధికారం, అంటే ఆకర్షణ, ఉన్నట్టే.

శాస్త్రానికి వెబర్ పద్ధతే మేలని ఒప్పుకుంటాను, లేకపోతే చెడ్డ నాయకులను అధ్యయనం చేయడానికి మాటే మిగలదు. కానీ మీరు రాస్తున్నది పురస్కారానికి. పురస్కారం ఇవ్వడమంటేనే మెచ్చుకోవడం, కాబట్టి షరతు పెట్టవలసిందే. ‘మంచివాడు’ అని రాస్తే మళ్లీ గుణాల జాబితాలోకే జారిపోతారు. అందుకు బదులు, చేపట్టిన పని వల్ల ఆ జట్టుకు గానీ బయటివారికి గానీ అన్యాయం జరగలేదా, భిన్నాభిప్రాయం చెప్పినవారికి చోటు దక్కిందా అని అడగండి.

ఒక ఉదాహరణ ఇస్తాను. 1990ల తొలి ఏళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అది ఊరూరా పాకింది, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. కానీ ప్రతి ఊళ్లోనూ సారా దుకాణం ముందు కూర్చున్నవారికి పదవి లేదు, చాలామందికి చదువు కూడా లేదు. మీ పాత పత్రం పెడితే వారికి ఎన్ని మార్కులు వచ్చేవో ఆలోచించండి.

ప్రశ్న వేసినవారి స్పందన: వాల్తేరు అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ కలిపి ఇలా రాశాను: ‘కాదనే స్వేచ్ఛ ఉన్న సహచరులను ఒక ఉమ్మడి పనిలోకి కూడగట్టి, భిన్నాభిప్రాయానికి చోటిస్తూ, ఆ పని తాను పక్కన లేనప్పుడు కూడా సాగేలా చేసి, దాని ఫలితానికి జవాబుదారీ వహించడం నాయకత్వం. పదవి ఉండటం గానీ లేకపోవడం గానీ ఇందుకు కొలమానం కాదు.’ మార్కులకు బదులు, ప్రతి జట్టులోని విద్యార్థులను తమ పేరు రాయకుండా ఒక చీటీ ఇవ్వమని అడగాలని ఉంది: మరో పని వస్తే మళ్లీ ఎవరితో కలిసి చేస్తారు?

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, మేనేజ్‌మెంట్ విభాగం

నిర్వచనం బాగుంది, ‘పక్కన లేనప్పుడు కూడా’ అన్న మాటను ఎవరు తీసేయమన్నా తీయకండి. చీటీ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒకే ఊరివారు, ఒకే హాస్టలు గదివారు కూడబలుక్కొని ఒకే పేరు రాస్తే అది ఎన్నిక అయి కూర్చుంటుంది. పేరుతో పాటు ఆ విద్యార్థి చేసిన పని ఒక్కటైనా, ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చెబుతూ రాయమనండి. చీటీల సంఖ్యను పక్కన పెట్టి, సంఘంలోని మీరందరూ ఆ సంఘటనలు చదివి నిర్ణయించండి. జవాబుదారీతనం గురించి విద్యార్థుల చీటీలలో తెలియకపోవచ్చు. దానికి శిబిరం నడిపిన ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసరును అడగడమే మార్గం.