అప్‌డేట్: 20వ తేదీకే జీతం అయిపోయే ఇల్లు, మూడు నెలల తర్వాత

తిరుపతిలో నలుగురున్న ఇల్లు, 42,000 జీతం 20కల్లా ఖాళీ, ఎక్కడ తగ్గించాలి అని అడిగాను కదా. తగ్గించాల్సింది పాలు, కూరగాయలు కాదని తేలింది. లెక్కలోకి రానివి ఏడాది ఖర్చులు: జూన్‌లో స్కూల్ ఫీజు 36,000, బండి ఇన్సూరెన్స్ 2,400, గంగమ్మ జాతరకీ బ్రహ్మోత్సవాలకీ దిగే చుట్టాలకు 9,600. (కొండ కింద ఇల్లుంటే తప్పదు. దర్శనం వాళ్ళది, టిఫిన్లు మనవి.) మొత్తం 48,000, అంటే నెలకు 4,000. జీతం పడిన రోజే అది వేరే సేవింగ్స్ ఖాతాకు పోతోంది. ఆ ఖాతాకు యూపీఐ పెట్టలేదు, అసలు కిటుకు అదే.

మీరు చెప్పిన పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా ఒకే మొత్తం కట్టే రికరింగ్ డిపాజిట్) నెలకు 2,000తో మొదలైంది. 15లోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపే కట్టాలి. 16 నుంచి తెరిస్తే నెలాఖరు పనిదినం దాకా గడువు. జీతం 1న కాబట్టి 12న తెరిచాం, చేతిలో డబ్బున్నప్పుడే కట్టేయొచ్చు. ఒక నెల తప్పితే నూటికి రూపాయి, అంటే 20 రూపాయల జరిమానా. నాలుగు కిస్తీలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. మళ్ళీ నడిపించుకోవడానికి రెండు నెలలే గడువు.

చీటీ మాత్రం మానలేదు. ఇంకా 14 నెలలుంది, మధ్యలో వదిలితే కోత పడుతుంది. అయ్యాక కొత్తది వేయం.